పొలిమేర దాటిన పాతబండి – రసీదు విలువ

ఇల్లు మారునప్పుడు మంచములు, పెట్టెలు, వంటసామాను, పుస్తకములు లారీకెక్కును. క్రొత్త ఊరిలో వాటిని చూచి “ఇవి ఎక్కడివి?” అని అడుగువారు లేరు. అదే లారీలో వచ్చిన పాత స్కూటరు మాత్రము వీధిలోనికి దిగిన నాటినుండి ప్రశ్నలకు గురియగును. దాని నంబరు పలకపైనున్న మొదటి రెండక్షరములు అది పొరుగు రాష్ట్రపుదని అందరికిని చాటుచుండును. ఉద్యోగపు బదిలీ వలననో, కూలి కొరకో, వ్యాపారము కొరకో రాష్ట్రపు పొలిమేరలు దాటి వచ్చిన కుటుంబములు మన కళాశాలలో ఎన్నో కలవు. మన విద్యార్థుల తండ్రులలో ఆటో నడుపువారు, మెకానిక్కులు, లారీలపై పనిచేయువారు కలరు. కావున ఈ విషయము వార్షిక సంచికలో చర్చింపదగినదేయని తలచి, మేము చదివి తెలిసికొన్నదానిని, స్వయముగా అనుభవించినదానిని ఇచట పొందుపరచుచున్నాము.

ఒక దేశము – రెండు జాబితాలు

మొదట కలుగు సందేహమిది. దేశమంతయు ఒక్కటే కదా! ఒకచోట నమోదైన బండిని మరియొకచోట మరల నమోదు చేయింపవలసిన అవసరమేమి? దీనికి సమాధానము మన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో ఉన్నది. యంత్రబలముతో నడుచు వాహనములు, వాటిపై పన్ను విధించు సూత్రములు ఉమ్మడి జాబితాలోని 35వ అంశము. రోడ్లపై తిరుగు వాహనములపై పన్ను రాష్ట్ర జాబితాలోని 57వ అంశము. స్థూలముగా చెప్పవలెనన్న, నమోదు చట్టము పార్లమెంటుది. పన్ను రాబడి రాష్ట్రముది. బండి ఒక్కటే అయినను దానిపై చూపు సారించు ప్రభుత్వములు రెండు.

వ్యక్తిగత వాహనములకు అనేక రాష్ట్రములు జీవితకాలపు పన్నును మొదటనే ఒక్కసారిగా వసూలు చేయును. అట్లు వసూలు చేసిన రాష్ట్రమును విడిచి బండి మరియొక రాష్ట్రపు రోడ్లపై తిరుగసాగినచో, ఆ రెండవ రాష్ట్రము తన భాగమును కోరుట సహజము. మొదటి రాష్ట్రము మిగిలిన కాలమునకు తగిన భాగమును తన నియమముల ప్రకారము వాపసు చేయవలసి యుండును. సిద్ధాంతము ఇంతవరకు న్యాయముగనే ఉన్నది. చిక్కు ఆచరణలో ఉన్నది. ఇవ్వవలసిన డబ్బును వెంటనే ఇవ్వవలెను. రావలసిన డబ్బు కొరకు తిరుగవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మన దేశమున మోటారు వాహనములకు 1914లో ఒక చట్టము, 1939లో మరియొక చట్టము వచ్చినవి. నేడు అమలులో ఉన్నది 1988 నాటి మోటారు వాహనముల చట్టము. ఇది 1989 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది.

ఈ చట్టములోని 46వ సెక్షను ప్రకారము ఒక రాష్ట్రమున నమోదైన వాహనము దేశమంతటను చెల్లును. పెండ్లికో, ఉరుసుకో, వైద్యమునకో పొరుగు రాష్ట్రమునకు బండిపై వెళ్ళినంత మాత్రమున మరల నమోదు అక్కరలేదు. 47వ సెక్షను ప్రకారము, బండిని మరియొక రాష్ట్రమున 12 నెలలకు మించి ఉంచినప్పుడే క్రొత్త నంబరు కొరకు దరఖాస్తు చేయవలెను. పన్నుకు సంబంధించిన గడువును మాత్రము ఆయా రాష్ట్రముల పన్ను చట్టములలో వేరుగా చూచుకొనవలెను. కర్ణాటక రాష్ట్రము 2014లో తన పన్ను చట్టమును సవరించి, ఇతర రాష్ట్రముల బండి 30 దినములకు మించి ఉన్నచో జీవితకాలపు పన్ను కట్టవలెనన్నది. ఆ సవరణను 2016లో ఆ రాష్ట్రపు హైకోర్టు కొట్టివేసినది. గడువు అను చిన్నమాట వెనుక ఎంత వివాదమున్నదో దీనివలన తెలియుచున్నది.

క్రొత్త నంబరు పొందుటకు ముందు పాత కార్యాలయము నుండి నిరభ్యంతర పత్రము తెచ్చుకొనవలెను. దీనినే జనులు ఎన్.ఓ.సి. అందురు. ఇది 48వ సెక్షనులోని విషయము. దరఖాస్తు ఫారము 28. దానిపై బండి ఛాసిస్ నంబరును పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చును అతికింపవలెను. బండి దొంగిలింపబడినదన్న కేసు ఏదియు లేదని పోలీసుల నుండి నివేదిక రావలెను. ప్రభుత్వమునకు పన్ను బాకీ ఉండరాదు. అప్పుపై కొన్న బండియైనచో అప్పిచ్చిన సంస్థ సమ్మతియు కావలెను.

ఈ కట్టుబాట్లు వ్యర్థమైనవని మేమనము. ఒక రాష్ట్రమున దొంగిలించిన బండికి మరియొక రాష్ట్రమున క్రొత్త నంబరు లభించినచో దొంగకు అంతకంటె మేలు లేదు. నిన్న బండి పోగొట్టుకొన్న పేదవానిని కాపాడునది కూడ ఈ తనిఖీయే. అయితే ఇదే సెక్షనులో చాలమందికి తెలియని మూడు మాటలు కలవు. దరఖాస్తు అందిన వెంటనే అధికారి రసీదు ఇవ్వవలెను. 30 దినములలోగా పత్రమును ఇచ్చుటయో, కారణములు వ్రాసి నిరాకరించుటయో చేయవలెను. ఆ గడువులో నిరాకరణ తెలుపనిచో పత్రము ఇచ్చినట్లే భావింపవలెను.

అనగా కచేరి మౌనము పౌరుని ఓటమి కాదు. చట్టము దృష్టిలో అది అంగీకారము. అంతేకాదు, 47వ సెక్షను ప్రకారము క్రొత్త కార్యాలయమున నిరభ్యంతర పత్రమునకు బదులు ఆ రసీదునో, రిజిస్టరు పోస్టులో పంపిన యెడల తిరిగివచ్చిన అక్నాలెడ్జిమెంటు కార్డునో చూపి, నిరాకరణ ఏదియు తనకు అందలేదని వ్రాసి ఇయ్యవచ్చును. ఈ మాటలు తెలియక మేము పడిన శ్రమను ఇక చెప్పెదము.

మా ఇంటి అనుభవము

మా తండ్రిగారు పొరుగు రాష్ట్రములోని ఒక పత్తి మిల్లులో గుమాస్తాగా పనిచేసినారు. 2003లో అచటనే ఒక స్కూటరు కొన్నారు. 2016 జూన్ నెలలో పని మానుకొని మా ఊరికి వచ్చినారు. స్కూటరు కూడ వచ్చినది. నిరభ్యంతర పత్రము మాట మాకెవరికిని తోచలేదు. మొదటి తప్పు మాదే.

2017 వేసవిలో ఒకనాడు మార్కెట్టు దగ్గర తనిఖీలో ఆయనను ఆపినారు. “పెద్దాయనా, ఈ బండి ఎక్కడిది? ఇక్కడెందుకు తిరుగుతోంది?” అని అడిగినారట. అడిగిన కానిస్టేబులు మర్యాదగనే అడిగినాడు. కాగితములు చూచి వదలినాడు. అయినను చుట్టుప్రక్కల నిలిచి చూచినవారిలో తెలిసినవారు ఉండిరి. ఆయన ఇంటికి వచ్చి స్కూటరును గోడవార నిలిపి, “ముప్పయ్యేళ్లు పరుల లెక్కలు రాశాను, ఒక్క పైసా తేడా రాలేదు. ఈ వయసులో నా బండి నాదేనని రుజువు చేసుకోవాలా బేటా?” అన్నారు. ఆ తరువాత చాల నెలలు ఆయన దానిని బయటకు తీయలేదు. జుమా నమాజుకు కూడ నడచియే వెళ్ళెడివారు.

జూలైలో మేము పాత కార్యాలయమునకు వెళ్ళి, తెలిసినవారి ద్వారా కాగితములు ఇచ్చి వచ్చితిమి. వారము తరువాత రమ్మన్నారు. వెళ్ళితిమి. సంబంధిత గుమాస్తా సెలవులో ఉన్నాడన్నారు. మరల వెళ్ళితిమి. ఈసారి సంతకము కలియలేదన్నారు. 2003లో మా తండ్రిగారు ఉర్దూలో చేసిన సంతకము ముత్యముల వరుసవలె ఉండెడిది. జబ్బు చేసిన పిదప చేయి వణకి అక్షరములు చెదరినవి. “పెద్దాయన్నే తీసుకురండి” అన్నారు. రెండు గంటలకు పైగా బస్సులో కూర్చుండి ఆయన వచ్చినారు. ఆనాడు అధికారి లేరు.

“దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు” అను సామెత ఆ వసారాలో మాకు చక్కగా బోధపడినది. అయితే పూజారిని మాత్రమే నిందించి లాభము లేదు. మా వీధిలో వకీలుగారి వద్ద చిరకాలము పనిచేసిన ఒక పెద్దమనిషి మా గోడు విని ఒక్కటే ప్రశ్న అడిగినారు: “రసీదు అడిగారా?” మేము అడుగలేదు. మేము ఇచ్చిన కాగితములు ఆ కార్యాలయమున ఉన్నవనుటకు మా వద్ద నిదర్శనమే లేదు. కాగితముల లెక్కలో మేము అసలు దరఖాస్తు చేయనే లేదు! ‘సంతకము కలియలేదు’ అను నోటిమాట కూడ చట్టము చెప్పిన నిరాకరణ కాదు; అది వ్రాతలో ఉండవలెను.

ఆయన సలహాపై నవంబరులో మరల దరఖాస్తు వ్రాసితిమి. సంతకము ఏల మారినదో తెలుపుచు నోటరీ ఎదుట మా తండ్రిగారు ఇచ్చిన ప్రమాణపత్రమును జతచేసి, అన్నింటికిని నకళ్లు తీసి, రిజిస్టరు పోస్టులో పంపితిమి. అక్నాలెడ్జిమెంటు కార్డు వచ్చినది. 30 దినములు గడచినవి, జవాబు రాలేదు. 2018 జనవరిలో ఆ కార్డును, ప్రకటనను తీసికొని మా జిల్లాలోని కార్యాలయమునకు వెళ్ళితిమి. అచటి అధికారి మొదట సందేహించినారు. తరువాత చట్టపు పుస్తకము తెప్పించుకొని, రెండు సెక్షనులను చదివి, “ఈ పద్ధతిలో వచ్చినవాళ్లు అరుదు, కానీ మీరు చెప్పింది సరే” అని దరఖాస్తును దాఖలు చేసికొన్నారు. పాత కార్యాలయమునకు స్వయముగా ఉత్తరము వ్రాసి బండి వివరములు సరిచూచుకొన్నారు. ఫిబ్రవరి నెలాఖరునకు క్రొత్త నంబరు వచ్చినది. గడువు దాటినందుకు జుర్మానా కట్టితిమి. క్రొత్త పన్ను కట్టితిమి. పాత రాష్ట్రము నుండి రావలసిన పన్ను వాపసును, మొత్తము చిన్నదని, వదలుకొంటిమి. అది తప్పని ఇప్పుడు అనిపించుచున్నది. చిన్నదైనను హక్కు హక్కే.

మాటలలోని చరిత్ర

తెలుగు బోధించువారము కావున ఒక విషయము మనవి చేయక ఉండలేము. ఈ వ్యవహారమంతటను మేము వాడిన మాటలను చూడుడు: దరఖాస్తు, దాఖలు, రసీదు, తనిఖీ, బాకీ, నకలు, జవాబు, జుర్మానా, మంజూరు. ఇవన్నియు ఫారసీ, అరబ్బీ భాషలనుండి పరిపాలన ద్వారా తెలుగులోనికి వచ్చి, నేడు పల్లెటూరి రైతు నోట సైతము అచ్చ తెనుగు మాటలవలె పలుకుచున్నవి. రెండు భాషలు చదువు మన విద్యార్థులకు ఇవి ఇరుప్రక్కల బంధువులు.

వీటిలో రెండింటి అర్థములు ప్రస్తుతము గమనింపదగినవి. ఫారసీలో ‘రసీద్’ అనగా ‘చేరినది’. అరబ్బీ ‘మంజూర్’ చూపు అను అర్థముగల ‘నజర్’కు చుట్టము, ‘చూడబడినది’ అని దాని మూలార్థము. చేరినదని వ్రాసి ఇచ్చిననాడే చూడవలసిన బాధ్యత పుట్టును. రసీదు లేనిదే మంజూరు లేదు. 48వ సెక్షను చెప్పినదియు ఇదియే.

పాతబండికి వయస్సు చిక్కు

క్రొత్త రాష్ట్రమున చేయవలసిన దరఖాస్తు ఫారము 27. దానితో ఆర్.సి. పుస్తకము, నిరభ్యంతర పత్రము, బీమా, కాలుష్య తనిఖీ పత్రము, క్రొత్త చిరునామాకు ఆధారము చేర్చవలెను. జీవితకాలపు పన్నును బండి వయస్సును బట్టి తగ్గించి లెక్కింతురు. బండి పాతదైనకొలది పన్ను తగ్గును గాని ఇతర చిక్కులు పెరుగును.

వ్యక్తిగత వాహనపు నమోదు 15 సంవత్సరములు చెల్లును. తరువాత బండిని చూపించి, ఫారము 25 ద్వారా 5 సంవత్సరములకు పునరుద్ధరించుకొనవలెను. మా స్కూటరునకు 2018 ఫిబ్రవరిలో క్రొత్త నంబరు రాగా, అదే సంవత్సరమున 15 ఏండ్లు నిండి మరల వరుసలో నిలువవలసి వచ్చినది. 15 ఏండ్లు దాటిన బండ్ల పునరుద్ధరణ రుసుమును కేంద్ర ప్రభుత్వము 2022 ఏప్రిల్ 1 నుండి మోటారు సైకిలునకు 300 నుండి 1,000 రూపాయలకు, కారునకు 600 నుండి 5,000 రూపాయలకు పెంచినది. 2025 ఆగస్టులో 20 ఏండ్లు దాటిన బండ్లకు మరల పెంచి మోటారు సైకిలునకు 2,000, కారు వంటి తేలికపాటి వాహనమునకు 10,000 రూపాయలు చేసినది. పొగ తగ్గవలెనన్న ఉద్దేశము మంచిదే. అయినను క్రొత్తది కొనలేకయే పాతదానిని ఉంచుకొన్నవానికి ఆలస్యము ఎంత భారమో ఈ అంకెలే చెప్పుచున్నవి.

పాతబండ్లకు మరియొక చిక్కు కలదు. పూర్వము వివరములను చేతితో రిజిస్టరులలో వ్రాసెడివారు. ఆ వివరములు కంప్యూటరులోనికి ఎక్కనిచో, లేక ఒక్క అక్షరము తప్పుగా ఎక్కినచో, రెండవ రాష్ట్రమున ఆ బండి లేనట్లే. అందుచేత బయలుదేరుటకు ముందే పాత ఊరిలో ఆ తప్పును దిద్దించుకొనుట మేలు.

పొలిమేరయే కదలినప్పుడు

బండి పొలిమేర దాటుట ఒక విధము. పొలిమేరయే బండిని దాటుట మరియొక విధము. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. హైదరాబాదులో ఎ.పి. అక్షరములతో నిన్నటివరకు తిరిగిన బండి, ఇంటిముందు నుండి కదలకయే, పొరుగు రాష్ట్రపు అక్షరములు గల బండియైనది! క్రొత్త బండ్లకు టి.ఎస్. అక్షరములు వచ్చినవి, 2024 మార్చి నుండి అవి టి.జి. అయినవి. అయినను తెలంగాణ జిల్లాలలో పూర్వము నమోదైన బండ్లు పాత ఎ.పి. నంబరులతోనే తిరుగుచున్నవి. పలకపైనున్న అక్షరములు యజమాని నిజాయితీకి కొలత కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

తరచు బదిలీ యగువారి కొరకు 2021 సెప్టెంబరు 15 నుండి కేంద్ర ప్రభుత్వము ‘బి.హెచ్.’ అను భారత్ శ్రేణిని ప్రవేశపెట్టినది. ఈ నంబరు గల బండికి రాష్ట్రము మారినను మరల నమోదు అక్కరలేదు. పన్నును రెండేసి సంవత్సరములకు కట్టవచ్చును. 2022 డిసెంబరులో పాత నంబరు గల బండ్లను కూడ ఈ శ్రేణిలోనికి మార్చుకొను అవకాశము కల్పించినారు. అయితే ఇది సైనికోద్యోగులకు, ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రములలో కార్యాలయములున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకే పరిమితము. పత్తి మిల్లు గుమాస్తాకు, దర్జీకి, తోపుడు బండిపై పండ్లమ్మువానికి ఈ సౌకర్యము లేదు. వారికి మిగిలినది పాత మార్గమే. అందుచేతనే ఆ మార్గమును వారు తెలిసికొనుట అత్యావశ్యకము.

విద్యార్థులు గుర్తుంచుకొనవలసినవి

1. ఇల్లు మారుటకు ముందే పాత కార్యాలయమున నిరభ్యంతర పత్రమునకు దరఖాస్తు చేయవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనరాదు.

2. ఏ కాగితమును రసీదు లేక ఇయ్యరాదు. నేడు చాల రాష్ట్రములలో దరఖాస్తును ఇంటర్నెట్టు ద్వారా చేయవచ్చును. అప్పుడు వచ్చు దరఖాస్తు సంఖ్యయే రసీదు. దానిని అచ్చు తీసి దాచుకొనవలెను.

3. 30 దినముల గడువును గోడమీది క్యాలెండరుపై గుర్తు పెట్టుకొనవలెను. నిరాకరించినచో కారణమును వ్రాతలో కోరవలెను.

4. ఇంజను, ఛాసిస్ నంబరులు, యజమాని పేరు, తండ్రి పేరు అన్ని కాగితములలో ఒకే తీరున ఉన్నవో లేవో ముందే చూచుకొనవలెను. మన పేర్లలో షేక్, సయ్యద్, మొహమ్మద్ అను మాటలను ఒకచోట పొట్టిగాను, ఒకచోట నిండుగాను వ్రాయుట వలన కలుగు చిక్కులు ఇన్నన్ని కావు.

5. నంబరు మారిన వెంటనే బీమా పత్రములో కూడ మార్పించవలెను. పాత రాష్ట్రము నుండి రావలసిన పన్ను వాపసును కోరవలెను.

6. పన్ను బాకీ ఉంచుకొని 48వ సెక్షను చాటున దాగుట న్యాయము కాదు. హక్కును అడుగువాడు బాధ్యతను మరువరాదు.

మనము తరగతిలో లేఖారచన నేర్పుదుము, నేర్చుకొందురు, పరీక్షలో మార్కులు వచ్చును. ఆ విద్య అంతటితో ఆగరాదు. ఇంగ్లీషు ఫారము చదువలేక వసారాలలో నిలిచిన పెద్దలు మన ఇండ్లలోనే ఉన్నారు. వారానికొక పూట మన విద్యార్థులు కళాశాలలోనే కూర్చుండి అట్టివారికి దరఖాస్తులు వ్రాసి, నకళ్లు తీసి, గడువులు చెప్పి పంపు ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయముగా కోరుచున్నాము. ఇందుకు కావలసినది ఒక బల్ల, రెండు కుర్చీలు, తెలిసికొని చెప్పవలెనన్న మనస్సు మాత్రమే.

క్రొత్త పలక బిగించిన మరునాడు శుక్రవారము. మా తండ్రిగారు స్కూటరును తుడిచి, ఎవరితోను ఏమియు చెప్పక, దానిపైననే మసీదునకు వెళ్ళి వచ్చినారు. ఆ అక్నాలెడ్జిమెంటు కార్డును మాత్రము పారవేయనీయలేదు. అది నేటికిని ఆర్.సి. పుస్తకముతోపాటు మా ఇంటి బీరువాలో భద్రముగా ఉన్నది.